పొగ మానేస్తున్నారా? ముందు మీ మందుల మోతాదు చూపించుకోండి

పొగ మానాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఆయాసానికి థియోఫిలిన్ (డెరిఫిలిన్ బిళ్లలో ఇది ఉంటుంది), మానసిక వ్యాధికి క్లోజపిన్ లేదా ఒలాంజపిన్ వాడేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా మానేస్తే, ఇన్నాళ్లూ సరిపోయిన మోతాదే ఎక్కువైపోతుంది.

పొగలోని పాలీసైక్లిక్ హైడ్రోకార్బన్లు అనే రసాయనాల వల్ల కాలేయంలో సీవైపీ 1ఏ2 అనే ఎంజైమ్ ఎక్కువగా తయారవుతుంది. ఈ మందులను ప్రధానంగా విరగ్గొట్టేది అదే. పొగ తాగేవారిలో మందు త్వరగా ఖర్చవుతుంది కాబట్టి మోతాదు పెంచాల్సి వస్తుంది. పొగ ఆగాక వారం తిరిగేసరికి ఎంజైమ్ చాలావరకు మామూలు స్థాయికి దిగుతుంది, బిళ్లలు మాత్రం అన్నే పడుతుంటాయి. రక్తంలో క్లోజపిన్ ఒకటిన్నర రెట్లు కావచ్చు, కొందరిలో ఇంకా ఎక్కువ.

ఇది నికోటిన్ పని కాదు, పొగ పని. పొగ ఆపాక నికోటిన్ గమ్ నమిలినా, ప్యాచ్ అంటించుకున్నా ఎంజైమ్ తగ్గడం ఆగదు. బీడీ, చుట్ట, అడ్డపొగ అన్నీ సిగరెట్ లెక్కే. ఇరవై నుంచి పదికి తగ్గించినంత మాత్రాన పెద్ద తేడా రాదు, ఎంజైమ్‌ను రెచ్చగొట్టడానికి రోజుకు పది చాలు. అసలు తేడా పూర్తిగా ఆపినప్పుడే.

మానే రోజుకు కనీసం వారం ముందు డాక్టరును కలవండి. రోజుకు ఎన్ని తాగుతారో దాచకుండా చెప్పండి. క్లోజపిన్ అయితే రక్తంలో మందు స్థాయి పరీక్ష మానే ముందు ఒకసారి, మానిన వారానికి మరోసారి చేయించాలి. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు, ఉదయం మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. వేసుకుని వెళ్తే అంకె తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. మొదటి వారంలో మోతాదును దాదాపు పావు వంతు తగ్గించడం వాడుకలో ఉన్న పద్ధతి. అది డాక్టరు చేయాలి, సొంతంగా వద్దు.

కాఫీ, టీ కూడా సగం చేయండి. కెఫీన్‌ను విరగ్గొట్టేదీ ఈ ఎంజైమే. నాలుగు గ్లాసుల అలవాటు అలాగే ఉంచితే నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి. దాన్ని పొగ మానడం వల్ల వచ్చిన బాధ అనుకుని మళ్లీ సిగరెట్ అందుకుంటారు.

ఇంట్లోవాళ్లు గమనించాల్సినవి: క్లోజపిన్‌తో పగలంతా మత్తు, దిండు తడిసేంత చొంగ, నడకలో తూలడం, రెండు రోజులుగా విరేచనం కాకపోవడం. థియోఫిలిన్‌తో వాంతులు, వణుకు, గుండె దడ. వీటిలో ఏది కనిపించినా తర్వాతి మాత్రకు ముందే డాక్టరుకు ఫోన్ చేయాలి. ఫిట్స్ వస్తే నేరుగా ఎమర్జెన్సీకే.

న్యుమోనియా లాంటి ఇన్‌ఫెక్షన్లలోనూ ఈ ఎంజైమ్ మందగిస్తుంది. అదే సమయంలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ రాస్తే ఇంకా అణిగిపోతుంది. మందుల షాపులో యాంటీబయాటిక్ అడిగి తెచ్చుకోకండి. గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలలోనూ ఈ ఎంజైమ్ నెమ్మదిగానే పనిచేస్తుంది, ఆ సంగతి కూడా చెప్పాలి.

అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతినేది డిశ్చార్జి తర్వాత. వార్డులో పొగ ఉండదు, మోతాదు దానికి తగ్గట్టు కుదురుతుంది. ఇంటికొచ్చి మళ్లీ తాగడం మొదలుపెడితే రెండు మూడు వారాల్లో మందు స్థాయి పడిపోయి, జబ్బు తిరగబెట్టవచ్చు. డిశ్చార్జి రోజునే అడగండి: మళ్లీ తాగితే మోతాదు ఏం చేయాలి, రక్తపరీక్ష ఎప్పుడు? జవాబు చీటీ మీద రాయించుకోండి.