హైదరాబాద్‌ను నాలుగు రోజులు నడిచి చూడాలంటే...

ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లోనే ఉంటూ, చుట్టాలు వస్తే తప్ప పాతబస్తీ వైపు వెళ్లనివాళ్లలో నేనూ ఒకణ్ని. వెళ్లినా ఒకటే వరస. పొద్దున చార్మినార్, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం గోల్కొండ, రాత్రికి కాళ్లనొప్పులు. ఏం చూశామని ఎవరైనా అడిగితే ఫోన్లో ఫొటోలు వెతుక్కోవాలి. పోయిన చలికాలం ఒక గైడ్‌ను మాట్లాడుకుని రెండు శని, ఆదివారాలు నడిచాక నాకు అర్థమైంది, మేం ఇన్నేళ్లూ ఊరిని తలకిందులుగా చూస్తున్నామని.

ముందు వరస సరిచేసుకోండి

ఊరు ఎలా పెరిగిందో అలాగే నడవాలి. కుతుబ్‌షాహీలు మొదట ఉన్నది గోల్కొండలో. మూసీ మీద వంతెన, అంటే మన పురానాపూల్, 1578 నాటిది. చార్మినార్ 1591లో వచ్చింది. వంతెన పడిన పదమూడేళ్లకు గానీ దాని అవతల ఊరు లేవలేదన్నమాట. కాబట్టి మొదటి రోజు కోట, రెండో రోజు సమాధులూ వంతెనా, మూడో రోజు చార్మినార్, నాలుగో రోజు నది దాటి కోఠి.

రెండు వారాంతాలు పెట్టుకోవడంలో ఇంకో సుళువు ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ శుక్రవారం మూసేస్తారు. ఆరోజు మధ్యాహ్నం మక్కా మసీదు దగ్గర నమాజు రద్దీ ఉంటుంది. శని, ఆదివారాల్లో ఆ టెన్షన్ లేదు. నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య అయితే ఎండ కూడా బాధించదు.

గైడ్‌ను ఎలా పట్టుకోవాలి

నా మొదటి అనుభవం చెప్తాను. ఫోన్లో చూసి బుక్ చేసుకున్న ఒకాయన మమ్మల్ని పత్తర్‌గట్టీలో ఒక ముత్యాల షాపులో ముప్పావు గంట కూర్చోబెట్టాడు. చార్మినార్‌కు ఇచ్చింది పది నిమిషాలు! అందుకే ముందే అడగండి. దారిలో షాపులు ఉన్నాయా? గుంపులో ఎంతమంది? పదిమంది దాటితే గల్లీల్లో వెనకున్నవాళ్లకు ఒక్క ముక్కా వినపడదు. టికెట్లు ఫీజులో కలిసే ఉన్నాయా? తెలుగులో చెప్తారా? చాలామంది హిందీలోనో ఇంగ్లిష్‌లోనో మొదలుపెడతారు, ఇంట్లో పెద్దవాళ్లు వస్తుంటే ఇది ముందే తేల్చుకోవాలి.

అసలు పరీక్ష వేరే ఉంది. ఫోన్లోనే రెండు ప్రశ్నలు వేయండి. ‘భాగమతి కథ నిజమేనా?’, ‘చార్మినార్ నుంచి గోల్కొండకు సొరంగం ఉందట కదా?’ రెండింటికీ తడుముకోకుండా ‘అవును సార్’ అన్నాడంటే ఇంకొకర్ని చూసుకోండి. కులీ కుతుబ్‌షా ప్రేమించిందని చెప్పుకునే ఈ భాగమతి విషయంలో చరిత్రకారులే ఒక మాట మీద లేరు, సొరంగం జనం చెప్పుకునే మాట. ఏది కథో, ఏది చరిత్రో విడదీసి చెప్పగలిగినవాడు దొరికితే వంద ఎక్కువైనా ఇవ్వొచ్చు.

మొదటి రోజు: గోల్కొండ

తలుపులు తెరిచే వేళకే అక్కడ ఉండండి. కొండెక్కడానికి దాదాపు 360 మెట్లు. ఎండ ముదిరితే రాళ్లు కాలిపోతాయి. నీళ్లసీసా, టోపీ, పట్టున్న బూట్లు చాలు.

బాలాహిసార్ దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొట్టడం అందరూ చేసేదే. కానీ కింద కొట్టి కింద నవ్వుకుని వెళ్లిపోతే అందులో మజా ఏముంది? గుంపును రెండుగా విడగొట్టమనండి. సగం మంది పైన బాలాహిసార్ దగ్గరికి వెళ్లాక, కింద ఉన్నవాళ్లు ఫోన్ చేసి చెప్పి మరీ చప్పట్లు కొట్టాలి. మేం అలాగే చేశాం. పైన గాలి హోరులో ‘టప్’మని చిన్న శబ్దం, ఎవరో పక్కనే చిటికె వేసినట్టు. శత్రువు వస్తే కొండ మీదికి కబురు ఎలా అందేదో వేరే చెప్పక్కర్లేకపోయింది.

రామదాసు చెర దగ్గర తొందరపెట్టనివ్వకండి. పైనుంచి పడే ఆ కాస్త వెలుతురులో కళ్లు సర్దుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది, అప్పుడు గానీ గోడ మీద బొమ్మలు కనబడవు. మనకు కంచెర్ల గోపన్న కథ తెలుసు కాబట్టి గైడ్‌ను అడగాల్సింది ఆఖరి కుతుబ్‌షాహీ సుల్తాను తానీషా గురించి. ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు ముట్టడించాక 1687లో కోట పోయింది, తానీషా బందీగా వెళ్లాడు.

రెండో రోజు: సమాధుల నుంచి పురానాపూల్ దాకా

తానీషా సంగతి ముందురోజే ఎందుకు అడగాలంటే, కుతుబ్‌షాహీ సమాధుల్లో ఆయన సమాధి లేదు. బందీగానే దూరాన పోయాడు. ఆ లోటు తెలిసి చూస్తే ఆ గుమ్మటాల వరస వేరేగా ఉంటుంది. అక్కడి బడీ బావిలో కొంత భాగం 2013 వానలకు కూలింది, తర్వాత మళ్లీ కట్టారు. ఇక్కడి మెట్లబావుల పనికి 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం వచ్చింది. గచ్చు పని ఎలా చేశారో గైడ్‌ను అడగండి.

ఇక్కణ్నుంచి పురానాపూల్ దాకా మొత్తం నడవాలని పంతం వద్దు. కార్వాన్ దాకా ఆటో ఎక్కండి, ఒకప్పుడు వజ్రాల వ్యాపారులు ఉన్న దారి ఇది. తోలీ మసీదు చూసి, అక్కణ్నుంచి వంతెనకు నడవండి. వంతెన మీద ఇప్పుడు కూరగాయల బేరాలు. ముక్కు మూసుకోవాల్సి వస్తే మూసుకోండి గానీ ఆగండి, ఊరికి మొదటి గుమ్మం ఇదే.

మూడో రోజు: చార్మినార్

ఏడు గంటలకల్లా చేరుకోండి. షాపులు తెరవకముందు నాలుగు కమాన్లూ, మధ్యలో గుల్జార్ హౌజ్ అనే ఫౌంటెన్ ఖాళీగా దొరుకుతాయి. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ తిని మొదలుపెడితే సరి. మక్కా మసీదులోకి భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలతో వెళ్లాలి.

చౌమహల్లా అయ్యాక లాడ్ బజార్‌కు రండి. గాజులు కొనడం తర్వాత, చేసేచోటికి ముందు తీసుకెళ్లమనండి. మేం చూసిన గది మంచమంత ఉంది. ఒకాయన నిప్పుల మీద లక్కను మెత్తబరిచి, రంగు లక్క చుట్టి, పలక మీద పొడుగ్గా దొర్లించి, రెండు కొసలూ కలిపి గుండ్రం చేసి, కొలత కోసం చెక్క కడ్డీకి తొడిగాడు. పక్కన ఒకావిడ ఆ వేడి ఆరకముందే రాళ్లు ఒక్కొక్కటే అద్దుతోంది. వేళ్ల కొసలు కాయలు కాసిపోయి ఉన్నాయి. ‘చల్లారితే పట్టదు బాబూ, మళ్లీ కాచాలి’ అంది తల ఎత్తకుండానే. ఈ గాజులకు 2024లో జీఐ, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గది చూశాక మా ఆవిడ బేరం ఆడలేదు. ఇది మా ఇంట్లో చరిత్రే!

ఓపిక ఉంటే మొహర్రం సంతాపాలు జరిగే బాద్‌షాహీ ఆషుర్‌ఖానాకు వెళ్లండి. గోడల మీద రంగు పలకలు కుతుబ్‌షాహీల నాటివి. కింది భాగంలో చాలా పలకలు 1908 వరదకు పోయాయి. నాలుగో రోజు నడక ఆ వరద కథతోనే మొదలవుతుంది.

నాలుగో రోజు: నది దాటి

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి ఊరిని ముంచేసింది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న ఒక చింతచెట్టు ఎక్కి 150 మందికి పైగా బతికారు. ఆ చెట్టు ఇంకా ఉంది. ఆసుపత్రి కాబట్టి గుంపుగా హడావుడి చేయకుండా, రోగులకు అడ్డం రాకుండా చూసి రండి. ఆ వరద దెబ్బకే తర్వాత గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు. అవతలి ఒడ్డున కనిపించే హైకోర్టు భవనం 1920 నాటిది.

కోఠిలో బ్రిటిష్ ప్రతినిధి ఉన్న రెసిడెన్సీ భవనం, అదే ఒకప్పటి మన విమెన్స్ కాలేజీ, లోపలికి వెళ్లాలంటే అనుమతి ముందే అడిగి పెట్టమని గైడ్‌కు చెప్పండి. కుదరకపోతే ఆ టైమ్ ఆబిడ్స్‌కు ఇవ్వండి. ఆదివారం అక్కడ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుస్తారు. నేను సంచీ తీసుకెళ్లకుండా వెళ్లి మోయలేక చచ్చాను.

చివరికి మొజంజాహీ మార్కెట్. గడియారం గోపురం కింద సీతాఫలం ఐస్‌క్రీమ్ కోసం చూడండి, పండు సీజన్ దాటితే మామిడో, ఇంకోటో ఉంటుంది. గైడ్‌కూ ఒక కప్పు చెప్పండి. మేం ఆయన్ను అడగాల్సిన ప్రశ్నలన్నీ ఆ టేబుల్ దగ్గరే గుర్తొచ్చాయి, గాంధీభవన్ మెట్రో దాకా నడుస్తూ కూడా ఆయన చెప్తూనే ఉన్నాడు.