కణ సంకేతాల పటం చదవడం – 4వ పాఠం: అడాప్టర్ ప్రోటీన్లు

గత పాఠంలో చూసిన కైనేజ్‌లు ఫాస్ఫేట్‌ను తగిలిస్తాయి కనుక పటంలోని బాణం గుర్తే వాటి పనిని చెప్పేస్తుంది. అడాప్టర్ ప్రోటీన్ల విషయంలో ఆ సౌలభ్యం లేదు. వాటికి ఎంజైమ్ గుణం ఉండదు. రెండు మూడు ప్రోటీన్లను పట్టుకుని ఒకచోట నిలపడమే వాటి పని. కాబట్టి అడాప్టర్ ఎదురైనప్పుడు వేయవలసిన ప్రశ్నలు రెండు: ఏ డొమైన్‌తో (ప్రోటీన్‌లో ఒక ప్రత్యేక పని చేసే భాగం) దేనిని పట్టుకుంటుంది? ఆ పట్టు ఎప్పుడు దొరుకుతుంది? పాఠ్యపుస్తకాల బొమ్మలు రెండో ప్రశ్నను తరచుగా దాటవేస్తాయి. నా దృష్టిలో అసలు విషయమంతా అందులోనే ఉంది.

జీఆర్‌బీ2ను తీసుకుందాం. 217 అమైనో ఆమ్లాల ఈ చిన్న ప్రోటీన్‌లో నడుమ ఒక ఎస్‌హెచ్2 డొమైన్, దానికి అటూ ఇటూ చెరొక ఎస్‌హెచ్3 డొమైన్ ఉంటాయి. ఎస్‌హెచ్3లు సాస్ ప్రోటీన్‌లో ప్రోలిన్ అధికంగా ఉన్న తోకను పట్టుకుంటాయి. ఎస్‌హెచ్2 మాత్రం ఫాస్ఫేట్ తగిలిన టైరోసిన్‌నే, అదీ దాని తర్వాత రెండో స్థానంలో ఆస్పరాజిన్ ఉంటేనే, గట్టిగా పట్టుకుంటుంది. ఇప్పుడు కణం ఆధారతలానికి అతుక్కునే చోట ఉండే ఫోకల్ అడ్హెషన్ కైనేజ్ అమైనో ఆమ్లాల వరుసను చూడండి: 925వ స్థానంలో టైరోసిన్, ఆ తర్వాత గ్లుటమేట్, ఆ తర్వాత ఆస్పరాజిన్. షరతు సరిగ్గా కుదిరింది. కణత్వచంలో ఉండి బయటి ఆధారాన్ని పట్టుకునే ఇంటెగ్రిన్ల ద్వారా కణం అతుక్కున్నాక సార్క్ అనే కైనేజ్ ఆ టైరోసిన్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తే, జీఆర్‌బీ2 వచ్చి అక్కడ కుదురుకుంటుంది; దాని వెంట వచ్చిన సాస్, కణత్వచం లోపలి అంచున ఉన్న రాస్ అనే స్విచ్ ప్రోటీన్ చేత జీడీపీ అణువును విడిపించి జీటీపీ అణువును అందుకునేలా చేస్తుంది; అప్పుడు రాస్ సంకేతం మొదలవుతుంది.

ఆ అతుకు చోటనే ఉండే మరో అడాప్టర్ టాలిన్‌లో పట్టు దొరికే వేళను లాగుడు బలం కూడా నిర్ణయిస్తుంది. దాని తల ఇంటెగ్రిన్ బీటా గొలుసు తోకను, కాడ కణ అస్థిపంజరంలోని ఆక్టిన్ తంతువులను పట్టుకుంటాయి. కాడలో 13 హెలిక్స్ (మెలిక తిరిగిన గొలుసు) కట్టలున్నాయి. విన్కులిన్ అనే మరో ప్రోటీన్ పట్టుకోవలసిన స్థానాలు వాటి లోపల దాగి ఉంటాయి. మయోసిన్ అనే మోటార్ ప్రోటీన్ ఆక్టిన్‌ను లాగినప్పుడు మూడో కట్ట సుమారు 5 పికోన్యూటన్ల బలానికే విచ్చుకుంటుంది, అప్పుడు విన్కులిన్ చేరి మరిన్ని ఆక్టిన్ తంతువులను తెచ్చి కలుపుతుంది. లాగేకొద్దీ అతుకు ఊడిపోక బిగుసుకోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

అభ్యాసం: రెండు ఎస్‌హెచ్3లూ పాడై, ఎస్‌హెచ్2 ఒక్కటే బాగున్న జీఆర్‌బీ2 రూపాన్ని కణంలో పెద్ద మొత్తంలో తయారు చేయించారనుకోండి. కణంలోని మామూలు జీఆర్‌బీ2 చెక్కుచెదరకుండా ఉన్నా రాస్ సంకేతం తగ్గిపోతుంది. ఎందుకో పై రెండు ప్రశ్నల సాయంతో రాయండి. ఎస్‌హెచ్2 కూడా పాడై ఉంటే ఫలితం ఎలా మారేదో దాని కిందే రాయండి.