రీలోడ్ మోటార్‌లో పార్టులు టైట్‌గా ఉన్నాయా? ఎక్కడ పట్టేస్తోంది, ఎందుకు, ఏం చెయ్యాలి

అమెరికాలో యూనివర్సిటీ రాకెట్ టీముల్లో చేరిన మన పిల్లలు ఏరోటెక్ ఆర్‌ఎంఎస్ లాంటి రీలోడ్ మోటార్ (మెటల్ కేసులో ప్రతి ఫ్లైటుకీ కొత్తగా ఇంధనం నింపుకునే రాకెట్ మోటార్) బిగించేటప్పుడు ఎక్కువగా ఆగిపోయేది ఒక్కచోటే, ఏదో ఒక పార్టు సగం వరకు వెళ్ళి ఇంక కదలదు. అల్యూమినియం కేసూ, దాని రెండు చివర్లా బిగించే మూతలు అంటే క్లోజర్లూ మళ్ళీ మళ్ళీ వాడేవి, లోపల వేసే లైనరు (గ్రెయిన్లు పట్టే కాగితం ట్యూబు), ప్రొపెల్లెంట్ గ్రెయిన్లు (ఘన ఇంధనం దిమ్మలు), నాజిలు (మంట బయటికొచ్చే మూతి), ఓ-రింగులు (గ్యాస్ కారకుండా ఆపే రబ్బరు రింగులు), డిలే (మోటార్ మండాక కాసేపు ఆగి పారాచూట్ చార్జ్‌ని అంటించే ముక్క) ఇవన్నీ ప్రతి ఫ్లైటుకీ కొత్త కిట్‌లోంచి వచ్చేవి, కాబట్టి పాత మెటల్‌కీ కొత్త పార్టులకీ ప్రతిసారీ పొత్తు కుదరాలి. కుదరనప్పుడు సర్దాల్సింది కాగితం ట్యూబుల వైపు నుంచే, కేసు లోపలి గోడ, ఓ-రింగు కూర్చునే చోటు, ప్రొపెల్లెంట్, ఈ మూడిటినీ మాత్రం అరగదీయొద్దు.

మొదలుపెట్టే ముందే ఇంకోటి. ఈ తంటాలు పడేటప్పుడు మోటార్‌ని అంటించే ఇగ్నైటర్ మోటార్ దగ్గర ఉండనే కూడదు, అది లాంచ్ ప్యాడ్ మీద పెట్టేది. పారాచూట్‌ని బయటికి తోసే ఎజెక్షన్ చార్జ్‌కి వాడే బ్లాక్ పౌడర్ కూడా అన్నీ సరిగ్గా కూర్చున్నాకే పొయ్యాలి, లోపల పౌడర్ పెట్టుకుని క్లోజర్‌తో కుస్తీ పట్టొద్దు.

సమస్య: గ్రెయిన్లు లైనర్‌లోకి దిగట్లేదు

ముందు లైనర్ అంచు చూడండి. ట్యూబ్ కోసిన చోట లోపలి అంచున సన్నటి పొర లేచి ఉంటుంది, వేలు పెట్టి తిప్పితే గరుగ్గా తగులుతుంది, చాలాసార్లు మొత్తం సమస్య అదే. గోటితోగానీ కొత్త బ్లేడుతోగానీ రెండు చివర్లా లోపలి అంచుని చుట్టూ తేలిగ్గా గీస్తే గ్రెయిన్ దానంతటదే జారుతుంది. ఏరోటెక్ కిట్‌తో వచ్చే సూచనల షీట్‌లో ఈ స్టెప్పు ఉంటుంది, తొందరలో దాటేసేదీ దీన్నే. నాజిల్ లైనర్‌లోకి వెళ్ళకపోయినా కారణం ఇదే, లేదంటే నాజిల్ మోల్డింగ్ అంచున మిగిలిన సన్నటి పొర, దాన్ని బ్లేడుతో మెల్లగా తీసెయ్యొచ్చు, ఓ-రింగు ఆనే భాగం జోలికి మాత్రం పోవద్దు.

అంచు బాగానే ఉండి మధ్యలో పట్టేస్తుంటే తేమ అనుకోండి. గ్రెయిన్ చుట్టూ ఉండే కాస్టింగ్ ట్యూబు కాగితమే, హ్యూస్టన్ లాంటి ఊళ్ళో కిట్ కవరు చింపి గ్యారేజీలో వదిలేస్తే వానాకాలం చెక్క తలుపు ఉబ్బినట్టు ఉబ్బుతుంది. చాలామంది ఆ ట్యూబు పైపొర ఒకటి ఒలిచేసి పని కానిస్తారు, అయితే మీ కిట్ షీట్ దానికి ఒప్పుకుంటుందో లేదో చూసి, అందులో లేకపోతే డీలర్‌నో కంపెనీనో అడిగాకే చెయ్యండి, ఎందుకంటే మోటార్‌ని తయారీదారు చెప్పినట్టే వాడాలనేది అమెరికా రాకెట్ హాబీ సంఘాలైన ఎన్‌ఏఆర్, ట్రిపోలీ సేఫ్టీ రూల్స్ రెండిట్లోనూ ఉంది. దీని వెనక అసలు కారణం కూడా ఉంది. గ్రెయిన్ మండేది మధ్య రంధ్రంలోనూ రెండు చివర్లలోనూ, బయటి గోడ మండకుండా ఆపేది ఆ కాగితం ట్యూబే. పొరలు ఒలుస్తూ ఒలుస్తూ ప్రొపెల్లెంట్ బయటపడితే అటు వైపు కూడా అంటుకుంటుంది, మండే ఉపరితలం పెరిగితే ప్రెషరు పెరుగుతుంది, కేసు తట్టుకునే హద్దు దాటితే అంతే సంగతులు. కర్ర పెట్టి దంచినా అంతే, గ్రెయిన్ పగిలితే ఆ పగులు కూడా మండే ఉపరితలమే.

ఎండలో కారులో పెట్టిన కిట్ అయితే ప్రొపెల్లెంట్ వేడికి కాస్త వ్యాకోచిస్తుంది కూడా, నీడలో పెట్టి చల్లబడ్డాక ఇంకోసారి చూడండి.

సమస్య: లైనర్ కేసులోకి వెళ్ళట్లేదు

గ్రెయిన్లు ఎక్కించక ముందే ఖాళీ లైనర్‌ని కేసులో ఒకసారి జార్చి చూస్తే సగం పని అయిపోతుంది, ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. ఒకేచోట ఆగుతుంటే అక్కడ పోయిన ఫ్లైటు మసి గట్టిపడి ఉంది, టార్చ్ వేసి చూస్తే కనబడుతుంది. సబ్బు కలిపిన గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, మెత్తటి బట్ట కర్రకి చుట్టి తుడవండి, తర్వాత పూర్తిగా ఆరనివ్వండి. డిష్‌వాషర్‌లో వెయ్యొద్దు, ఆ డిటర్జెంట్ క్షారం కేసు మీది రక్షణ పూతని (ఆనొడైజింగ్) తినేస్తుంది. స్టీల్ పీచు కూడా వద్దు, ఓ-రింగు కూర్చునే చోట ఒక్క గీత పడితే వేడి గ్యాస్‌కి అదే దారి.

మొదటి నుంచి చివరి దాకా ఒకేలా టైట్‌గా ఉంటే లైనర్ ఉబ్బినట్టు. బయటి వైపు సన్న ఉప్పు కాగితంతో చుట్టూ సమంగా తేలిగ్గా రుద్ది, పొడి తుడిచి, పల్చగా గ్రీజు రాసి జార్చండి. ఆ గ్రీజు వల్ల ఫ్లైటు తర్వాత లైనర్ ఊడటం కూడా సులువవుతుంది. ఇంకో కంపెనీ రీలోడ్ మోటార్ సెసరోనీ ప్రో38లో గ్రెయిన్లూ లైనరూ ఫ్యాక్టరీలోనే అమర్చి వస్తాయి కాబట్టి అక్కడ మీరు చూసుకోవాల్సింది కేసు శుభ్రంగా ఉందా లేదా అనేదే.

సమస్య: క్లోజర్ ఒకటి రెండు చుట్లు తిరిగి ఆగిపోతోంది

అల్యూమినియం మీద అల్యూమినియం థ్రెడ్ పొడిగా తిరిగితే ఒకదాన్నొకటి కొరుక్కుని పట్టేస్తాయి, బలం పెట్టేకొద్దీ ఇంకా బిగుసుకుంటాయి. ఆగిందంటే వెంటనే వెనక్కి తిప్పి విప్పెయ్యండి. థ్రెడ్‌లో ఏముందో చూడండి, మసి ఉండొచ్చు, బ్లాక్ రాక్ లాంటి ఎండిపోయిన సరస్సు మీద లాంచ్ అయితే అక్కడి తెల్లటి సన్న దుమ్ము గ్రీజుకి అంటుకుని పేస్టులా తయారై ఉండొచ్చు. పాత టూత్‌బ్రష్‌తో పాత గ్రీజు మొత్తం తీసి కొత్తది పల్చగా రాయండి. షీట్‌లో సూపర్ లూబ్ అని ఉంటే అదే వాడండి, డబ్ల్యూడీ-40 ఈ పనికి రాదు.

శుభ్రంగా ఉన్నా పట్టేస్తుంటే థ్రెడ్ వంకరగా ఎక్కుతోందన్నమాట. కేసుని నిలువుగా పట్టుకుని క్లోజర్‌ని పైన పెట్టి మొదట వెనక్కి, అంటే విప్పే వైపుకి నెమ్మదిగా తిప్పండి, ఒకచోట టిక్‌మని చిన్నగా కిందికి దిగుతుంది, చేతికి తెలుస్తుంది, అక్కడి నుంచి బిగించే వైపు తిప్పితే రెండు వేళ్ళతోనే వెళ్ళిపోతుంది.

చివరి కొంచెంలో గట్టిగా తగలడం మాత్రం తప్పు కాదు, అది ఓ-రింగు నొక్కుకుంటున్న బలం. చలికాలం పొద్దున్నే లాంచ్ అయితే రబ్బరు గట్టిపడి ఇంకా ఎక్కువ తగులుతుంది, ఓ-రింగుల కవరు కాసేపు జేబులో పెట్టుకుంటే మెత్తబడతాయి. చల్లటి రబ్బరుని తేలిగ్గా తీసుకోవద్దు, 1986లో చాలెంజర్ బూస్టర్ జాయింట్ సీల్ పోవడంలో ఓ-రింగు చలికి బిర్రబిగుసుకోవడం పెద్ద కారణం.

సమస్య: క్లోజర్ బిగిసింది కానీ కేసుకీ దానికీ మధ్య గ్యాప్ ఉంది

కొన్ని మోటార్లకి కొద్దిపాటి గ్యాప్ మామూలే, అయితే షీట్‌లోనే రాసి ఉంటుంది. రాసి లేకపోతే రెంచ్‌తో ఇంకా బిగించొద్దు, మోటార్ విప్పండి. పోయిన ఫ్లైటు ఓ-రింగు మసిలో కలిసిపోయి నల్లగా లోపలే ఉండిపోయిందేమో చూడండి, దాని మీద కొత్తది పెడితే ఎత్తు పెరుగుతుంది. ముందు ఓ-రింగు వెనక, వెనకది ముందు పెట్టారేమో కూడా చూడండి, కొన్ని కిట్లలో రెండిటి మందం వేరు. తర్వాత షీట్ బొమ్మ పక్కన పెట్టుకుని పార్టులన్నీ వరసగా పేర్చి లెక్క చూసుకోండి. బలవంతంగా గ్యాప్ మూస్తే లైనర్ చివర నలిగి సీల్ పోతుంది. నలిగిన లైనర్, కోసుకుపోయిన ఓ-రింగు మళ్ళీ వాడొద్దు.

సమస్య: డిలే క్లోజర్‌లో కూర్చోవట్లేదు

దాదాపు ఎప్పుడూ మసే. ఇయర్ బడ్ తడిపి ఆ గుంటని తళతళలాడేదాకా తుడవండి, పాత డిలే ఓ-రింగు అడుగున ఉందేమో చూడండి. డిలేని నొక్కి పగలగొడితే మంట పక్క నుంచి దూరి పారాచూట్ రాకెట్ ఇంకా వేగంగా పోతున్నప్పుడే బయటికొస్తుంది. డిలే గ్రెయిన్ మీద గ్రీజు పడనివ్వొద్దు.

సమస్య: ఫైర్ అయ్యాక క్లోజర్ ఊడట్లేదు

మోటార్ చల్లబడగానే, ఆ సాయంత్రమే విప్పండి, మర్నాటికి మసి తేమ పీల్చి గట్టిపడుతుంది, అల్యూమినియంని కూడా తింటుంది. మొండికేస్తే సబ్బు నీళ్ళలో నానబెట్టి స్ట్రాప్ రెంచ్ వాడండి, పైప్ రెంచ్ పళ్ళూ బెంచ్ వైసూ కేసుని సొట్టపెడతాయి. వేడి చెయ్యడం లాంటివి వద్దు.

సమస్య: మోటార్ అంతా బాగుంది, రాకెట్‌లో దాన్ని పెట్టే మౌంట్ ట్యూబులోకి వెళ్ళట్లేదు

ట్యూబు లోపల కారిన ఎపాక్సీ బొట్టు గానీ పెయింట్ గానీ అయ్యుంటుంది. కర్రకి ఉప్పు కాగితం చుట్టి ట్యూబు లోపలే అరగదీయండి, కేసుని కాదు. ఇది ఇంట్లోనే, ఖాళీ కేసుతో చూసుకోండి, ఫీల్డులో నింపిన మోటార్‌ని రాకెట్‌లోకి కొట్టి ఎక్కించే పరిస్థితి రాకూడదు.