కర్నూలులో ఆరుబయట పియానో కచేరీ: ఏర్పాటు చేసే విధానం

కర్నూలులో ఒక యువ పియానిస్టు చేత ఆరుబయట కచేరీ చేయించదలచినవారు ముందుగా తేల్చుకోవలసినది తేదీ. వేసవిలో ఇక్కడి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, వానాకాలంలో ఏ సాయంత్రాన్నీ నమ్మలేము. కాబట్టి డిసెంబరు, జనవరి నెలలే అనువైనవి. ఆ నెలల్లో రాత్రి గడిచేకొద్దీ కురిసే మంచు మీటలపై చేరితే వేళ్లు జారుతాయి కనుక, సాయంత్రం 6 గంటలకు మొదలుపెట్టి ఏడున్నరకల్లా ముగించాలి. వాద్యంపై గట్టి పైకప్పు ఉండాలి.

తుంగభద్ర ఒడ్డు కంటికి ఎంత ఇంపుగా ఉన్నా, నది మీది గాలి నాదాన్ని చెదరగొడుతుంది. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, దానిని తిరిగి పంపే గోడలు ఉండవు. అందుకే వెనుక ఎత్తైన రాతిగోడ ఉన్న పాఠశాల ప్రాంగణం నా దృష్టిలో అన్నిటికంటే మేలు. పియానో మూత వాయించేవారి కుడివైపు తెరుచుకుని నాదం అటు వెలువడుతుంది కనుక, వారి కుడి భుజం శ్రోతలవైపు ఉండేలా వాద్యాన్ని నిలపాలి.

కచేరీ గ్రాండ్ పియానో దాదాపు తొమ్మిది అడుగుల పొడవు, సుమారు 480 కిలోల బరువు ఉంటుంది; ఆ బరువంతా మూడు కాళ్లపైనే పడుతుంది. ప్రాంగణంలో బేతంచెర్ల నాపరాళ్లు పరిచి ఉంటే, కింద డొల్లగా ఉన్న బండ పగిలే ప్రమాదం ఉంది, కాబట్టి ప్రతి కాలి కింద మందపాటి చెక్క వేయాలి. తరలించేటప్పుడు కాళ్లు, పెడల్స్ విప్పి, వాద్యాన్ని దాని తిన్నని పక్కమీద నిలబెట్టి, దుప్పట్లు చుట్టి తీసుకెళ్లాలి. ఇది అలవాటైన మనుషులు చేయవలసిన పని.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ శ్రుతి విషయంలో అవసరం. పియానోలో సుమారు 230 ఉక్కు తీగలు ఉంటాయి, వాటి మొత్తం బిగువు దాదాపు 20 టన్నులు. మధ్యాహ్నపు వేడిలో శ్రుతి చేస్తే, సాయంత్రం చల్లబడగానే తీగలు కుంచించుకుని స్వరం పెరుగుతుంది. గాలిలోని తేమ మారితే తీగల కింది చెక్కపలక ఉబ్బి లేదా కుంగి మళ్లీ స్వరాన్ని మారుస్తుంది. అందువల్ల వాద్యాన్ని ముందురోజే అక్కడికి చేర్చి, నీడలో, పరదా కప్పి ఉంచి, కచేరీ రోజు సాయంత్రం ఎండ తగ్గాకే ట్యూనర్ చేత శ్రుతి చేయించాలి. శ్రుతికి పట్టే ఆ గంటన్నర సమయాన్ని మరే పనికీ ఇవ్వకూడదు. జనరేటరు మోత, కుర్చీలు వేసే చప్పుడు ఆ సమయంలో ఆగితేనే ట్యూనర్ చెవి పనిచేస్తుంది.

మూత అంచుకు కొద్ది దూరంలో రెండు కండెన్సర్ మైకులు (సన్నని ధ్వనిని కూడా పట్టేవి), గాలి సోకకుండా స్పాంజి తొడుగులతో అమర్చితే చాలు. పియానిస్టు అతి మెల్లగా వాయించే చోటు కూడా చివరి వరుసకు వినబడుతుందా లేదా అని ముందే సరిచూడాలి. మైకు అనుమతి పోలీసుల నుంచి తీసుకోవాలి. స్వరపత్రాలు గాలికి ఎగరకుండా, బట్టలకు పెట్టే క్లిప్పులు సిద్ధంగా ఉంచాలి.

కచేరీకి ఎంచే కృతుల విషయం పియానిస్టుతో కలిసి మాట్లాడాలి. బీతోవెన్ 1801లో పూర్తిచేసిన ‘మూన్‌లైట్ సొనాటా’ వంటిదానికి మూడు భాగాలున్నాయనీ, చప్పట్లు మూడోది ముగిశాకనే అనీ ఆహ్వానపత్రికలో తెలుగులో ముద్రిస్తే, కృతి కృతికీ చప్పట్లు కొట్టే అలవాటున్న మన శ్రోతలకు ఇబ్బంది ఉండదు. కచేరీ ముగిసిన వెంటనే మూత వేసి, పొడిబట్టతో మీటలు తుడిచి, మంచు దిగకముందే వాద్యాన్ని లోపలికి చేర్చాలి.