కొండదారిలో కెమెరా – 4వ పాఠం: మోయగలిగిన ట్రైపాడ్‌ను ఎంచుకోవడం

మూడో పాఠం చివర ఇచ్చిన అభ్యాసం గుర్తుందా? పొద్దుగూకాక చేత్తో పట్టుకుని తీసిన ఫొటోల్లో ఏవి కదిలిపోయాయో, వాటి షట్టర్ వేగం (షట్టర్ ఎంతసేపు తెరుచుకుందో) ఎంతో రాసుకోమన్నాను. రాసుకున్నవాళ్లకు ఈపాటికి ఒక సంగతి అర్థమై ఉంటుంది. 50 ఎం.ఎం. లెన్స్‌తో సెకనులో 50వ వంతు వరకు చెయ్యి నిలుస్తుంది. లెన్స్‌లోనో కెమెరాలోనో వణుకును ఆపే ఏర్పాటు ఉంటే ఇంకొంచెం కిందికి పోవచ్చు. ఒక సెకను దాకా వచ్చేసరికి ఎంత ఊపిరి బిగబట్టినా మామూలుగా లాభం ఉండదు. గండికోటలో సూర్యోదయానికి అరగంట ముందు పెన్న లోయ మీద ఒక నీలి వెలుగు పరుచుకుంటుంది. దాన్ని ఐ.ఎస్.ఓ. (కెమెరా వెలుగును పట్టే సున్నితత్వం) 100లో తీయాలంటే షట్టర్ సెకన్ల లెక్కలోకి వెళ్తుంది. ఇక అక్కడి నుంచి ట్రైపాడ్, అంటే కెమెరాను నిలబెట్టే మూడు కాళ్ల స్టాండ్, కావాల్సిందే.

మూడు రాళ్ల పొయ్యి చూసినవాళ్లకు ట్రైపాడ్ సూత్రం కొత్తేమీ కాదు. నేల ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా మూడు రాళ్ల మీద పెట్టిన కుండ ఊగదు. నాలుగు కాళ్ల కుర్చీని అదే నేల మీద వేస్తే ఊగుతుంది. కొండమీద చదునైన చోటు దొరకదు కాబట్టి మనకు మూడు కాళ్లే మేలు.

కొనే ముందు సంచి బరువు లెక్క వేసుకోండి. గుత్తి కోట ఎక్కేటప్పుడు నా సంచిలో ఉండేవి ఇవి: నీళ్లు మూడు లీటర్లు, అంటే మూడు కిలోలు. కెమెరా, రెండు లెన్సులు కలిపి కిలోన్నర దాకా. తిండి, టార్చి, టోపీ, తువ్వాలు అన్నీ కలిపి అరకిలో పైన. ఖాళీ సంచి ఒక కిలో. అంటే ట్రైపాడ్ పెట్టకముందే ఆరు కిలోలు దాటింది. మెట్లు, బండలు ఎక్కుతూ నేను హాయిగా మోయగలిగింది ఏడున్నర కిలోలు. కాబట్టి ట్రైపాడ్‌కు మిగిలేది కిలో, కిలోన్నర మధ్య. మీ లెక్క వేరుగా రావచ్చు. కానీ నీళ్ల బరువును మాత్రం తగ్గించకండి. అనంతపురం ఎండల్లో ఒక లీటరు నీళ్లు తగ్గించి స్టాండ్‌కు చోటు చేయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

ఈ లెక్క నాకు రెండుసార్లు తప్పాక తెలిసింది. మొదట కొన్నది పెళ్లిళ్లలో వీడియో తీసేవాళ్లు వాడే రకం, దాదాపు మూడు కిలోలు. బండలా నిలబడేది. గుత్తికి వెళ్లిన రోజు ఎక్కాల్సిన ఎత్తు చూసి దాన్ని కిందనే వదిలేశాను. పైన మురారిరావు గద్దె దగ్గర చీకటి పడుతూ, కింద ఊళ్లో దీపాలు ఒక్కొక్కటే వెలుగుతుంటే చేతిలో కెమెరా ఉంది, నిలబెట్టడానికి ఏమీ లేదు. ఆ సాయంత్రపు బొమ్మ ఒక్కటి కూడా నేను తెచ్చుకోలేకపోయాను. ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఆ తర్వాత పట్టుదలకు పోయి కిలో బరువున్న సన్నపాటి స్టాండ్ కొన్నాను. ఐదున్నర అడుగులు లేచేది. గండికోట అంచున గాలి వీచినప్పుడల్లా అది జొన్న కంకిలా ఊగింది. ఆ రాత్రి తీసిన ఇరవై ఫొటోల్లో ఒక్కటి కూడా పనికి రాలేదు.

మోయలేనిది, నిలవనిది రెండూ దండగే. ఈ రెంటికీ మధ్యలో ఉన్నదాన్ని వెతకాలి. అందుకు వదులుకోవాల్సింది ఎత్తు. మామూలుగా కొనేవాళ్లు వదులుకోనిది కూడా ఎత్తే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువగా చెప్తాను.

కడపలో ఒక షాపులో జరిగిన మాట ఇది.

“ఇది తీసుకో అన్నా, ఆరడుగులు లేస్తుంది.”

“మధ్యలో కడ్డీ లేపకుండా ఎంత లేస్తుంది తమ్ముడూ?”

ఆ అబ్బాయి టేపు తెచ్చి కొలిచాడు. “నాలుగున్నర గూడా రాలేదన్నా.”

పెట్టె మీద రాసే ఎత్తు సెంటర్ కాలమ్‌ను, అంటే ఆ మధ్య కడ్డీని, పూర్తిగా పైకి లాగినప్పటిది. ఆ కడ్డీని పైకి లాగితే మూడు కాళ్ల మీద ఇంకో ఒంటికాలును నిలబెట్టినట్టే. కెమెరా బరువంతా దాని కొనమీద ఊగుతుంది. కాబట్టి మీరు అడగాల్సింది కడ్డీ లేపని ఎత్తు. మనిషి ఐదున్నర అడుగులు ఉంటే కంటి ఎత్తు దాదాపు 156 సెంటీమీటర్లు. అందులో బాల్ హెడ్‌కు (కాళ్లపైన కెమెరాను బిగించే భాగం) ఒక పది, కెమెరా అడుగు నుంచి కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ దాకా ఇంకో పది తీసేస్తే కాళ్లు 136 సెంటీమీటర్లు ఉంటే నిటారుగా నిలబడే చూడొచ్చు. మీ కెమెరా స్క్రీన్ పైకి తిరిగేదైతే 120 కూడా ధారాళంగా సరిపోతుంది. కొండమీద మంచి ఫొటోల్లో సగం మోకాలి ఎత్తు నుంచి, నడుము ఎత్తు నుంచి తీసినవే ఉంటాయి. కిందికి ఎంత దిగుతుందో కూడా అడగండి. కాళ్లు మూడు కోణాల్లో విడివిడిగా ఆగేవి తీసుకుంటే బండ మీద ఒక కాలు, గుంతలో ఒక కాలు పెట్టి నిలపొచ్చు. మూడు కాళ్లనూ మధ్య కడ్డీకి అడ్డపట్టీలతో కలిపేసిన రకం తీసుకోకండి. అది ఇంటి నేల కోసం చేసినది, రాళ్ల మీద పనికి రాదు.

ఎత్తు వదులుకుంటే ఆ డబ్బు, ఆ బరువు కాళ్ల గొట్టం లావుకు పెట్టొచ్చు. గొట్టం రేకు మందం అంతే ఉండి వ్యాసం పెరిగితే, వంగకుండా నిలిచే శక్తి దాదాపు వ్యాసం ఘనం లెక్కన పెరుగుతుంది. అంటే పై గొట్టం 22 ఎం.ఎం. ఉన్నదానికన్నా 28 ఎం.ఎం. ఉన్నది రెండింతలు గట్టి. పర్యాటక ట్రైపాడ్లు ఎక్కువగా 22 నుంచి 26 మధ్య ఉంటాయి. ఒక్కో కాలు ఒకదానిలోకి ఒకటి జారే గొట్టాలతో ఉంటుంది, ఆ ఒక్కో గొట్టాన్నే మడత అంటున్నాను. ఒక్కో మడతకూ సుమారు 3 ఎం.ఎం. సన్నబడుతుంది. 22తో మొదలైతే నాలుగో గొట్టం 13కు వస్తుంది, ఐదు మడతలుంటే చివరిది 10 ఎం.ఎం., ఇంచుమించు పెన్సిలంత లావు. ఐదు మడతలవి ముడిస్తే చిన్నగా అవుతాయి, స్కూలు సంచిలో కూడా పడతాయి. అయినా నేను నాలుగు మడతలకే ఓటు వేస్తాను. 40 నుంచి 45 సెంటీమీటర్లకు ముడిచేది బస్సులో పై అరలో పడుతుంది, ఒళ్లో కూడా పెట్టుకోవచ్చు. గాలి ఉన్న రోజు చివరి గొట్టాన్ని అసలు బయటికి తీయకండి.

లాగిన గొట్టాలను బిగించే లాకులు రెండు రకాలు. తిప్పేవి ఒకటి, కొక్కెంలా ఎత్తి నొక్కేవి ఇంకొకటి. నొక్కేవి పట్టాయో లేదో చూడగానే తెలుస్తుంది, కానీ కొమ్మలకూ సంచి పట్టీలకూ తగులుకుంటాయి. తిప్పేవి సన్నగా ఒదుగుతాయి, కానీ ఇసుక, దుమ్ము చేరితే కరకరలాడతాయి. జమ్మలమడుగు వైపు నల్లరేగడిలో వాన పడ్డాక స్టాండ్ పెట్టారంటే ఆ బంకమట్టి గొట్టానికి అంటుకుంటుంది. అలాగే ముడిస్తే మట్టి లాకు లోపలికి పోతుంది. తడిగుడ్డతో తుడిచి, ఆరాకే ముడవండి. కొనేటప్పుడు లాకును పూర్తిగా విప్పి, కడిగి, మళ్లీ బిగించే వీలుందో లేదో అడగండి.

ఇక హెడ్. ప్రయాణాలకు బాల్ హెడ్ చాలు. ఒక్క మర వదిలితే కెమెరా ఎటైనా తిరుగుతుంది, బిగిస్తే ఆగుతుంది. అది ఆగినప్పుడే అసలు పరీక్ష. చవకరకం హెడ్‌లో మర బిగించి చెయ్యి తీసేయగానే ఫ్రేము కాస్త కిందికి జారుతుంది. మీరు పెట్టుకున్న దిగంతరేఖ మెల్లగా దిగిపోతుంది. మీ అన్నిటికన్నా బరువైన లెన్స్ షాపుకు తీసుకెళ్లి, ఏదో ఒక గోడ మూలను ఫ్రేము మధ్యలో పెట్టి బిగించి నిమిషం ఆగి చూడండి. కెమెరా కింద బిగించే ప్లేటు ఆర్కా స్విస్ రకమైతే మంచిది. వెడల్పు 38 ఎం.ఎం. ఉండి రెండు అంచులా గాడి ఉంటుంది. చాలా కంపెనీలు ఇప్పుడు ఇదే చేస్తున్నాయి కాబట్టి ప్లేటు పోయినా ఇంకోటి దొరుకుతుంది. కెమెరాకు పట్టే మర పావు అంగుళం. హెడ్‌కూ కాళ్లకూ మధ్య మర మూడు బై ఎనిమిది అంగుళాలుంటే రేపు హెడ్ ఒక్కటే మార్చుకోవచ్చు. హెడ్ ఊడిరాని ట్రైపాడ్ కొనకండి.

‘ఐదు కిలోలు మోస్తుంది’, ‘ఎనిమిది కిలోలు మోస్తుంది’ అని రాసి ఉంటుంది. ఆ అంకెను అందరూ ఒకే పద్ధతిలో కొలవరు. మోయడం అంటే విరగకుండా ఉండడం, మనకు కావలసింది కదలకుండా ఉండడం. నేను పాటించే లెక్క, మీ కెమెరా లెన్స్ కలిపిన బరువుకు కనీసం మూడింతలు రాసి ఉండాలి. కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్‌తో కెమెరా 700 గ్రాములు ఉంటుంది, జూమ్ లెన్స్‌తో కిలో దాటుతుంది. అంటే నాలుగైదు కిలోలు రాసినది మీకు చాలు.

అల్యూమినియమా, కార్బన్ ఫైబరా అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. కార్బన్ ట్రైపాడ్‌ను 1994లో మొదట తెచ్చింది జిట్జో కంపెనీ. అదే లావు గొట్టానికి కార్బన్ తేలిక, అదురును కూడా త్వరగా ఆపుతుంది. మే నెల మధ్యాహ్నం ముట్టుకుంటే అల్యూమినియం అంత చెయ్యి కాలదు. కానీ తేడా మీరు అనుకునేంత ఉండదు. పీక్ డిజైన్ వాళ్ల ఒకే నమూనా ట్రైపాడ్ అల్యూమినియంలో 1.56 కిలోలు, కార్బన్‌లో 1.27 కిలోలు. అంటే 300 గ్రాముల కన్నా తక్కువే, ఒక చిన్న నీళ్ల సీసా. ఆ తేడాకు ధర చాలా పెరుగుతుంది. మొదటి ట్రైపాడ్ అల్యూమినియందే కొనండి. మాన్‌ఫ్రోటో బీఫ్రీ అడ్వాన్స్‌డ్ అల్యూమినియం రకాన్ని కొలబద్దగా పెట్టుకోవచ్చు: దాదాపు కిలోన్నర, 40 సెంటీమీటర్లకు ముడుస్తుంది, కడ్డీతో కలిపి 150 లేస్తుంది. దాని ధర ఎక్కువనిపిస్తే ఈ అంకెలకు దగ్గరగా వచ్చే చవక రకాలు వెతకండి. మన దగ్గర నాలుగు నుంచి ఏడు వేల మధ్యలో అలాంటివి దొరుకుతాయి. రెండు వేల లోపువి నేను వాడి చూశాను, ఫోనుకు తప్ప కెమెరాకు ఇవ్వలేను.

షాపులో చేయాల్సిన పరీక్ష ఇది. సిగ్గుపడకుండా చేయండి, డబ్బు మీది. కాళ్లన్నీ పూర్తిగా లాగి బిగించండి. పైన అరచేయి పెట్టి మీ బరువు కాస్త ఆనించండి. ఏ గొట్టమైనా లోపలికి జారితే పక్కన పెట్టేయండి. తర్వాత హెడ్‌ను పట్టుకుని బట్ట పిండినట్టు మెల్లగా తిప్పండి. కాళ్లు మెలిక పడినట్టు అనిపిస్తే అది గాలికి నిలవదు. చివరగా కెమెరా బిగించి, జూమ్ లెన్స్‌తో దూరంగా ఉన్న బోర్డు మీద అక్షరాలను లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) పది రెట్లు పెద్దది చేసి, ఒక కాలును వేలితో తట్టండి. అక్షరాల వణుకు ఆగేదాకా లెక్కపెట్టండి. రెండు మూడు అంకెల్లో ఆగితే మంచి రకం. ఆరు, ఏడు దాకా పోతే వద్దు. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే ఇదే పరీక్షను వాపసు గడువు లోపల ఇంట్లో చేయండి. కడప బండలు పరిచిన నేలైతే ఇంకా మంచిది, నేల అదురు ఉండదు.

కొన్నాక కొండమీద మూడు విషయాలు మరిచిపోకండి. లెన్స్ ఎటు చూస్తుందో ఒక కాలు అటే ఉండాలి. గాలి ఉంటే సంచిని కింది కొక్కేనికి తగిలించండి, కానీ సంచి అడుగు నేలను తాకేలా చూడండి, వేలాడుతూ ఊగితే ఇంకా చెడ్డ. కెమెరా మెడ పట్టీని తీసేయండి, అది తెరచాపలా గాలిని పట్టి కెమెరాను ఊపుతుంది. గండికోట అంచున చాలాచోట్ల అడ్డుగోడ లేదు. స్టాండ్ కోసం చీకట్లో అంచుకు వెళ్లకండి. రెండు గజాలు వెనక్కి పెట్టినా లోయ లోయలాగే కనిపిస్తుంది.

ఇంకో మాట. లేపాక్షి, సిద్ధవటం కోట లాంటి కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్ పెట్టాలంటే ముందుగా అనుమతి కావాలి. అది లేని రోజు నేను జొన్నల సంచి పట్టుకెళ్తాను. జానెడు గుడ్డ సంచి కుట్టించి, ముప్పాతిక వంతు జొన్నలు నింపి, మూతి కుట్టేయడమే. నా సంచి ముప్పాతిక కిలో. గోడ మీదో బండ మీదో పెట్టి, కెమెరాను అందులో ఒత్తి కూర్చోబెట్టి, రెండు సెకన్ల టైమర్ పెట్టి వదిలేస్తే సెకను దాకా ఫొటో పదునుగా వస్తుంది. ట్రైపాడ్ కొనే డబ్బు ఈ నెల లేనివాళ్లు దీనితోనే పాఠాలు కొనసాగించండి, ఏమీ వెనకబడరు.

ఈ వారం అభ్యాసం: మీ సంచిలో నీళ్లతో సహా అన్నీ పెట్టి తూకం వేయండి. అందులో కిలోన్నర నీళ్ల సీసాలు అదనంగా పెట్టుకుని మీ ఊరి గుట్టో, కోటో ఒకసారి ఎక్కి దిగండి. దిగాక భుజాలు ఏమన్నాయో రాసుకోండి. కిలోన్నర భారంగా అనిపిస్తే ఒక సీసా తీసేసి ఇంకోరోజు ఎక్కండి. మీకు హాయిగా అనిపించిన బరువే మీ ట్రైపాడ్ బరువు. ఆ అంకె, కడ్డీ లేపని ఎత్తు, పై గొట్టం వ్యాసం, మూడింటినీ ఒక చీటీ మీద రాసుకుని షాపుకు వెళ్లండి. ఐదో పాఠంలో ఆ ట్రైపాడ్ మీద పాలపుంతను తీద్దాం. 18 ఎం.ఎం. లెన్స్‌తో చుక్కలు గీతలు కాకుండా ఎన్ని సెకన్లు ఆగొచ్చో అక్కడ లెక్క వేద్దాం.