కృష్ణకమలం పూయడం లేదా? కత్తెర పట్టుకోండి

తీగ గోడంతా కమ్మేసింది, పువ్వు మాత్రం ఒక్కటీ లేదని మా వీధిలో చాలామంది అంటుంటారు. అందరికీ నేను చెప్పేది ఒకటే: కత్తిరించండి. కృష్ణకమలం మొగ్గ తొడిగేది కొత్తగా వచ్చిన లేత కొమ్మ మీదే. ముదురు తీగని ముట్టుకోకుండా వదిలేస్తే పచ్చదనమంతా పైకి పోతుంది, కింద ఎండు పుల్లలు మిగులుతాయి.

లేత కొమ్మని ఒకసారి దగ్గరగా చూడండి. ప్రతి కణుపు దగ్గరా ఆకు, నులితీగ, మొగ్గ ఒకే చోటినుంచి వస్తాయి. కొత్త కణుపులు ఎన్ని వస్తే పువ్వుకి అన్ని అవకాశాలు. ఆకు కాడ మీద రెండు బుడిపెలుంటాయి, వాటిలో తేనె ఊరుతుంది. చీమలు తిరిగేది దానికోసమే, మందు కొట్టకండి. ఆకు అడుగున తెల్లగా దూదిలా పట్టి ఉంటే మాత్రం అది పిండినల్లి. ముందు నీళ్ళ పైపుతో గట్టిగా కడిగి, తర్వాత సాయంత్రం పూట వేపనూనె కొట్టాలి.

మాది విజయవాడ. ఇక్కడ శివరాత్రి దాటాక ముదురు తీగల్ని మూడో వంతు నుంచి సగం దాకా తగ్గిస్తాను. మొదలంటా నరికేయకూడదు, ఒక్కోసారి మళ్ళీ చిగురించదు. తొలకరి పడ్డాక ఇంకోసారి తేలిగ్గా కత్తిరిస్తాను. ఆ ముక్కలే కొత్త మొక్కలు. మరీ లేతవీ, మరీ ముదురువీ కాకుండా మూడు నాలుగు కణుపులున్న ముక్కలు తీసుకోండి. కింది ఆకులు తీసేసి, పై ఆకుని సగానికి కోసి, రెండు కణుపులు లోపలికి వెళ్ళేలా ఇసుక, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) కలిపిన కవర్లో గుచ్చి నీడన పెట్టండి. సుమారు నెలకి వేళ్ళు పడతాయి. కడియం నర్సరీల్లో మొక్క దొరుకుతుంది కానీ, పక్కింటివాళ్ళు కోసి పడేసే కొమ్మ అంతకన్నా తక్కువేం కాదు.

నేలలో పెడితే కొన్ని రకాలు దూరదూరంగా పిలకలు లేపుతాయి. చిన్న పెరడైతే కుండీయే మేలు. 20 లీటర్ల పెయింటు బకెట్టుకి అడుగున కన్నాలు పెట్టినా సరిపోతుంది. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కాస్త ఇసుక, గుప్పెడు వేపపిండి కలపండి. యూరియా జోలికి పోవద్దు, ఆకు తప్ప పువ్వు రాదు. పొద్దున్నపూట ఐదారు గంటలసేపు ఎండ కావాలి. మే నెలలో పడమటి ఎండకి కుండీ కాలి వేళ్ళు ఉడికిపోతాయి, అందుకని కుండీకి నీడ కట్టి, మట్టి మీద ఎండుటాకులు పరవాలి. ఇనుప గ్రిల్ కూడా కాలుతుంది, లేత నులితీగలు మాడిపోతాయి. నేను కొబ్బరితాళ్ళు కట్టి వాటి మీదికి పాకిస్తాను.

పువ్వు ఒక్క రోజే ఉంటుంది. చుట్టూ ఉన్న ఊదారంగు పోగుల్ని నూరుమంది కౌరవులనీ, మధ్యలో పుప్పొడి మోసే ఐదింటినీ పాండవులనీ, పైనున్న మూడింటినీ త్రిమూర్తులనీ మా అమ్మమ్మ చూపించేది. ఆ మూడూ విచ్చుకున్నప్పుడు నిటారుగా ఉంటాయి. కాసేపటికి మెల్లగా కిందికి వంగుతాయి. తేనె కోసం దూరే నల్ల తుమ్మెద వీపుకి అంటిన పుప్పొడి అప్పుడు వాటికి తగులుతుంది. ఒక సెలవురోజు పొద్దున్న తీగ దగ్గర కూర్చుని చూడండి, ఈ వంగడం కంటికి తెలుస్తుంది.

ఇక గొంగళిపురుగులు. నారింజ రెక్కల మీద నల్లచుక్కలుండే టానీ కోస్టర్ సీతాకోకచిలుక ఈ జాతి తీగల మీద గుడ్లు పెడుతుంది. ముళ్ళముళ్ళ పిల్లలు కొన్ని రోజుల్లోనే కొమ్మల్ని బోడి చేస్తాయి. వాటిని చంపడానికి నాకు మనసొప్పదు. కంచెల మీద తనంతట తానే మొలిచే తెల్లజుమికి కూడా ఈ కుటుంబానిదే. దాన్నొక మూల పెరగనిచ్చి, పురుగున్న ఆకుని తుంచి దాని మీద పెడతాను. తీగ ఆరోగ్యంగా ఉంటే అవి తిన్నచోటే పక్క చిగుళ్ళు లేస్తాయి. మరీ లేత మొక్కయితే మాత్రం రెండు మూడు రోజులకోసారి ఆకుల అడుగున పసుపుపచ్చ గుడ్ల గుంపులు వెతికి, ఆ ఆకుల్ని తీసేయండి.