నడుముకు పిస్టల్ – 3వ పాఠం: తీయడం తర్వాత, ముందు తిరిగి పెట్టడం

పోయిన పాఠంలో బెల్టు, హోల్‌స్టర్ (పిస్టల్ పెట్టుకునే ఒర) ఎంచుకోవడం చూశాం. అది చదివిన స్నేహితులు అడిగింది ఒకటే, పిస్టల్ చటుక్కున తీయడం ఎప్పుడు నేర్పిస్తావని. దానికి వచ్చే పాఠం ఉంది. ఈ వారమంతా పిస్టల్‌ని తిరిగి హోల్‌స్టర్‌లో పెట్టడమే, ఎందుకంటే తొందర ఏమాత్రం అవసరం లేని పని అదే, జనం తొందరపడి సొంత తొడలోకి కాల్చుకునేదీ అక్కడే.

అసలు పాఠంలోకి వెళ్లే ముందు ఒక్క మాట. అమెరికాలో హెచ్-1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లు, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మన టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్లు నిండినవాళ్లు లైసెన్స్ లేకుండానే వెంట పెట్టుకోవచ్చు కదా అంటారు, నిజమే, కానీ అది తుపాకీ ఉంచుకునే అర్హత ముందే ఉన్నవాళ్లకు. గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆగండి, ఫ్రెండ్ పిస్టల్‌ని మీ కారులో కూడా పెట్టుకోకండి.

నా దగ్గరున్నది గ్లాక్ 19. 9 ఎంఎం, మ్యాగజైన్‌లో (తూటాలు పేర్చి పిడిలోకి దోపే పెట్టె) 15 తూటాలు, అన్నీ నింపితే దాదాపు 850 గ్రాములు. మొదటి వారం ఆ బరువుకి నడుము ఎముక దగ్గర చర్మం కందిపోయింది, సీటు బెల్టు పెట్టుకున్న ప్రతిసారీ గుచ్చుకునేది. అది కాదు అసలు ఇబ్బంది. ఇండియన్ స్టోర్‌లో కింది అరలో ఉన్న 20 పౌండ్ల సోనామసూరి సంచీ కోసం వంగాను, వెనక చొక్కా మీదికి లేచింది, పక్కనున్న పెద్దావిడ ముఖం మారిపోయింది. ఆమె భయానికి కారణం నేనే. అప్పటినుంచి వంగడం మానేశాను, నడుము నిటారుగా ఉంచి మోకాళ్లు మడిచి కూర్చుంటాను. మీరూ ఇంట్లో అద్దం ముందు ఖాళీ హోల్‌స్టర్‌తో ఇది అలవాటు చేసుకోండి.

ఇక అసలు సంగతి. ఒక చలికాలం సాయంత్రం షూటింగ్ రేంజ్‌లో పిస్టల్ తిరిగి పెడుతున్నా. సగం దిగాక ఏదో మెత్తగా అడ్డుపడింది. ఆగి, బయటికి తీసి చూస్తే జాకెట్ అంచుకుండే తాడు, దాని చివర వేలి కొస అంత ప్లాస్టిక్ గుండు, సరిగ్గా ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ లోపల ఉంది. గ్లాక్‌కి విడిగా వేలితో వేసే సేఫ్టీ మీట ఉండదు. ట్రిగ్గర్ మధ్యలో ఉండే చిన్న రేకు నొక్కుకుంటే ట్రిగ్గర్ కదులుతుంది, నొక్కింది వేలా, ప్లాస్టిక్ గుండా, చొక్కా మడతా అన్నది దానికి తెలియదు. ఇంకాస్త నెట్టి ఉంటే పేలేది. ఇంటికి రాగానే ఆ తాడు కత్తిరించేశాను.

సాధన ఖాళీ పిస్టల్‌తోనే. ఖాళీ చేయడానికి ఒక వరస ఉంది, అది తప్పకూడదు: ముందు మ్యాగజైన్ బయటికి, తర్వాతే స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జరిగే లోహపు భాగం) వెనక్కి లాగడం. తిరగేసి చేశారంటే ఛాంబర్‌లో (పేలే ముందు తూటా కూర్చునే గొట్టం వెనక భాగం) ఉన్న తూటా బయటపడుతుంది గానీ, స్లైడ్ ముందుకొస్తూ మ్యాగజైన్‌లోంచి ఇంకోటి లోపలికి తోస్తుంది, మీరు మ్యాగజైన్ తీసేసి ఖాళీ అయిందనుకుంటారు. స్లైడ్ వెనక్కి ఆపి ఛాంబర్‌లోకి చూడండి, చిటికెన వేలు పెట్టి తడమండి. తూటాలన్నీ వేరే గదిలో పెట్టి తలుపు వేసి రండి.

ఇప్పుడు పెట్టడం. చూపుడు వేలు ట్రిగ్గర్‌కి దూరంగా, పిస్టల్ పక్కన చాచి ఉంచండి. ఎడమ చేత్తో చొక్కాని గుప్పెట్లోకి లాగి ఛాతీ దాకా ఎత్తి అక్కడే పట్టుకోండి. తల వంచి హోల్‌స్టర్ నోట్లోకి కళ్లతో చూడండి, చూడకుండా పెట్టడం గొప్పేమీ కాదు. పొట్ట ముందు పెట్టుకునేవాళ్లు నడుము ముందుకు తోసి, భుజాలు కాస్త వెనక్కి వాల్చండి, అప్పుడు గొట్టం మీ శరీరం వైపు తిరగదు. ఆపై మెల్లగా దించండి. కొంచెం అడ్డు తగిలినా నెట్టకండి, ఆపి, తీసి, చూసి, మళ్లీ మొదలుపెట్టండి. రోజుకి ఇరవై సార్లు చాలు, టీవీ ఆపేసి చేయండి.

అయ్యాక మళ్లీ లోడ్ చేసేటప్పుడు, రోజూ తీసి పెట్టే ఆ ఒక్క తూటానే ఛాంబర్‌లోకి మాటిమాటికీ ఎక్కించకండి. దెబ్బ తగిలి తగిలి సీసం కొస తొడుగులోకి దిగిపోతుంది, అది పేలితే లోపల ఒత్తిడి ప్రమాదకరంగా పెరగొచ్చు. పక్కన కొత్త తూటా పెట్టి పొడవు పోల్చండి, పొట్టిగా కనిపిస్తే పక్కన పడేయండి. నేనైతే పిస్టల్‌ని హోల్‌స్టర్‌తో పాటే నడుము నుంచి తీసి సేఫ్‌లో పెడతాను, ఇంట్లో పిల్లలున్నారు, పైగా 17 ఏళ్లలోపు వాళ్లకు లోడ్ చేసిన తుపాకీ అందేలా వదిలేయడం టెక్సస్‌లో నేరం.

వారం చివర, మీరు నిజంగా వేసుకునే బట్టల్లో, జాకెట్‌తో సహా, ఇరవై సార్లు చేసి ఏ బట్ట ఎక్కడ అడ్డొచ్చిందో కాగితం మీద రాసుకోండి. నాలుగో పాఠం ఆ కాగితంతోనే మొదలవుతుంది.